తల్లికుక్కల పాలజ్వరం గురించి కూడా రాయండి

సంపాదకుడు గారికి నమస్కారం,

మా పామేరియన్ ఐదు పిల్లల్ని పెట్టింది, వాటికి మూడో వారం నడుస్తుండగా ఒక రాత్రి పదకొండు దాటాక తల్లి నిలకడగా పడుకోకుండా అటూ ఇటూ తిరగడం, నాలుక బయటపెట్టి రొప్పడం, పిల్లలు పాలకొస్తే లేచి వెళ్ళిపోవడం మొదలెట్టింది, ఎండాకాలం కదా ఉక్కకేమో అనుకుని ఫ్యాన్ కింద పడుకోబెట్టాం, గంట తిరక్కుండా కాళ్ళు కర్రల్లా బిగుసుకుపోయి ఒళ్ళంతా వణుకు, ఆ తర్వాత ఫిట్స్. పశువుల ఆస్పత్రికి తాళం. ప్రైవేట్ క్లినిక్‌లకి వరసగా ఫోన్లు చేస్తే ఒక్క డాక్టర్ గారు ఎత్తారు. ఇది పాలజ్వరం, పాలివ్వడంతో రక్తంలో క్యాల్షియం పడిపోయిందని చెప్పి, క్యాల్షియం గ్లూకోనేట్ నరానికి చాలా నెమ్మదిగా, గుండె చప్పుడు వింటూ ఎక్కించారు, ఎక్కుతుండగానే వణుకు తగ్గింది. తొందరగా ఎక్కిస్తే గుండె ఆగిపోవచ్చట, కాబట్టి ఇది ఇంట్లో మనం చేసుకునే వైద్యం కాదు.

గేదెకి పాలజ్వరం అంటే మా ఊళ్ళో అందరికీ తెలుసు, కానీ గేదె ఒళ్ళు చల్లబడి కూలబడిపోతుంది, కుక్కకేమో ఒళ్ళు కాలిపోయి, ఒక్కోసారి 105 డిగ్రీలు దాటి, బిగుసుకుపోతుంది. అందుకే పోల్చుకోలేకపోయాం. చిన్న జాతి కుక్కలకి, ఎక్కువ పిల్లలున్న తల్లులకి, ఈనాక మొదటి నాలుగు వారాల్లో ఇది ఎక్కువట.

నాకు బాధేసింది ఇంకొకటి. కడుపుతో ఉన్నప్పుడు షాపులో చెప్పారని రోజూ క్యాల్షియం సిరప్ పోశాం, మంచి చేస్తున్నాం అనుకున్నాం. అలా బయట్నుంచి వస్తుంటే ఎముకల్లోంచి క్యాల్షియం తీయించే పారాథైరాయిడ్ గ్రంథి మందగిస్తుంది, పాలకి ఒక్కసారిగా కావాల్సొచ్చేసరికి అందుకోలేదు. చూలు చివరి మూడు వారాల నుంచి పాలు మానేదాకా కుక్కపిల్లల ఫీడ్ పెడితే చాలు, పెరుగన్నం, బోన్‌లెస్ చికెన్ మాత్రమే పెడితే సరిపోదు. ఈనాక క్యాల్షియం ఇవ్వాలో వద్దో డాక్టరే చెప్పాలి.

పిల్లల్ని ఒక రోజు విడిగా ఉంచి పప్పీ మిల్క్ పౌడర్ పట్టాం, తల్లికి బిళ్ళలు వేశాం, అన్నీ బతికాయి. ఆ డాక్టర్ గారు ఫోన్ ఎత్తకపోతే ఏమయ్యేదో. జిల్లా కేంద్రాల్లోని పశువుల ఆస్పత్రుల్లో రాత్రిపూట ఒక్క డాక్టరైనా డ్యూటీలో ఉండేలా చూడాలని పశుసంవర్ధక శాఖ వారిని మీ పేపర్ ద్వారా అడుగుతున్నాను. మీరు రైతుల పేజీలో గేదె పాలజ్వరం గురించి వేసినప్పుడు పక్కనే కుక్క లక్షణాలు కూడా వేయండి సార్.

ఇట్లు
మీ పాఠకురాలు