అడ్‌హాక్ అంటే తాత్కాలికమేనా?

సంపాదకులు గారికి నమస్కారం.

మొన్న మీ పత్రికలో ఒకే వార్తకు శీర్షికలో ‘అడ్‌హాక్ కమిటీ’ అనీ, కింద ‘తాత్కాలిక కమిటీ’ అనీ రాశారు. రెండూ ఒకటే అనుకున్నట్టున్నారు. కాదండీ. అడ్‌హాక్ లాటిన్ మాట, ‘దీని కోసం’ అని దాని అర్థం. అందులో పని ఊసే గానీ కాలం ఊసు లేదు. పెళ్లి పందిరి అడ్‌హాక్. పెళ్లి కోసం వేస్తారు, అయ్యాక విప్పేస్తారు. అద్దె ఇల్లు తాత్కాలికం. రెండూ శాశ్వతం కావు, అంతమాత్రాన ఒకటైపోవు.

రాజ్యాంగం 127వ అధికరణం చూడండి. సుప్రీంకోర్టులో కోరం, అంటే విచారణకు ఉండాల్సిన కనీస జడ్జిల సంఖ్య, చాలకపోతే, రాష్ట్రపతి సమ్మతి తీసుకుని ప్రధాన న్యాయమూర్తి ఒక హైకోర్టు జడ్జిని అడ్‌హాక్ జడ్జిగా పిలవవచ్చు. అవసరం ఉన్నన్నాళ్లే ఆయన అక్కడ కూర్చుంటారు. ఆయన్ని ‘తాత్కాలిక జడ్జి’ అంటే రేపో మాపో ఉద్యోగం పోయేవాడిలా వినిపిస్తుంది. 2023 డిసెంబరులో కేంద్రం రెజ్లింగ్ ఫెడరేషన్‌ను సస్పెండ్ చేసినప్పుడు, దాని పనులు చూడటానికి ఒలింపిక్ సంఘం అడ్‌హాక్ కమిటీ వేసింది. సెలక్షన్ ట్రయల్స్ అయ్యాక 2024 మార్చిలో రద్దు చేసింది. మాటకు తగ్గ వాడుక అది.

మన ఆఫీసుల్లో మాత్రం ఈ మాట కథే వేరు. నా ప్రమోషన్ ఆర్డరులో ‘పూర్తిగా తాత్కాలికం, అడ్‌హాక్, నోటీసు లేకుండా రివర్ట్ చేయవచ్చు (పాత పోస్టుకు దింపేయవచ్చు)’ అని ఇంగ్లీషులో టైపు చేసి, ఆ లైను కింద గీత కూడా గీశారు. ఏ పని కోసమో ఆ కాగితంలో ఎక్కడా లేదు. ఆ సీట్లోనే తొమ్మిదేళ్లు కూర్చున్నాను. సీనియారిటీ జాబితా వేసేటప్పుడు ఆ తొమ్మిదేళ్లూ తీసేశారు. అడిగితే “అది అడ్‌హాక్ సర్వీసు కదండీ” అన్నాడు సెక్షన్లో కుర్రాడు. వాడి తప్పేం లేదు, ఫైలు అలా ఉంది. ఇన్‌ఛార్జిల పనే నయం, వాళ్లకు సొంత కుర్చీ ఒకటి ఎక్కడో ఉంటుంది.

ఫలానా పనికి వేసిన కమిటీ అయితే ఆ పని పేరు చెప్పి రాయండి, లేదా అడ్‌హాక్ అనే ఉంచండి, అందరికీ తెలిసిన మాటే. గడువు పెట్టినదైతే తాత్కాలికం అనండి. ఉద్యోగాల వార్తల్లో ‘అడ్‌హాక్ నియామకాలు’ అని వచ్చినప్పుడు మాత్రం ఏ పనికి, ఎన్నాళ్లకు అని మీ విలేకరిని అధికారుల దగ్గర ఒక్కసారి అడగమనండి.

— ఒక రిటైర్డ్ ఉద్యోగి, రాజమహేంద్రవరం