మంత్రి గారూ, పైలట్ల నిద్ర సంగతి చూడండి

గౌరవనీయులైన కేంద్ర పౌర విమానయాన శాఖ మంత్రి శ్రీ కింజరాపు రామ్మోహన్ నాయుడు గారికి నమస్కారం.

2022 జనవరిలో ఎయిర్ ఇండియా మళ్లీ టాటాల చేతికి వెళ్లింది. ఏడాది తిరిగేసరికి 470 విమానాలకు, తర్వాత మరో వందకు ఆర్డర్ పెట్టింది. సంతోషమే. ప్రైవేటుదైనా జనం నోట అది ఇప్పటికీ మన దేశ విమానమే. అందుకే 2025 జూన్ 12న అహ్మదాబాద్‌లో విమానం కూలి 260 మంది పోయినప్పుడు, ఎవరిదో కంపెనీ గొడవలే అని ఎవరూ అనుకోలేదు. ఆ ప్రమాద కారణాల జోలికి నేను పోను. తీర్పులివ్వడానికి టీవీ చర్చలున్నాయి.

నేను అడిగేది మామూలు రోజుల గురించి. ప్రమాదం జరిగిన వారం తర్వాత, సిబ్బంది డ్యూటీల్లో లైసెన్స్, విశ్రాంతి నిబంధనలు పదేపదే ఉల్లంఘించారంటూ ఎయిర్ ఇండియాలో ముగ్గురు అధికారులను సిబ్బందికి డ్యూటీలు వేసే పని నుంచి తప్పించమని, విమానయాన సంస్థలను నియంత్రించే డీజీసీఏ ఆదేశించింది. మంచిదే. కానీ ఆ లోపాలను బయటపెట్టుకున్నది సంస్థే. మరి అప్పటిదాకా తనిఖీలు ఏం చేసినట్టు? డీజీసీఏలో సగం దాకా పోస్టులు ఖాళీగా ఉన్నాయని పార్లమెంటు స్థాయీ సంఘమే చెప్పింది. విమానాలు వందల్లో వస్తుంటే వాటిని చూసే కళ్లు సగమేనా?

విశ్రాంతి అంటే తేలిగ్గా తీసుకునే విషయం కాదు. 2010 మే 22న దుబాయ్ నుంచి మంగళూరు వచ్చిన ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ విమానం రన్‌వే దాటి లోయలో పడింది. 158 మంది చనిపోయారు. కాక్‌పిట్ రికార్డర్‌లో కెప్టెన్ గురక వినిపించింది. గంటన్నరకు పైగా నిద్రపోయి లేచిన మనిషి, దిగొద్దు, మళ్లీ పైకి లేపుదామని కో-పైలట్ మొత్తుకుంటున్నా వినిపించుకోలేదు.

ఇంత తెలిసీ 2025 డిసెంబరులో ఏం జరిగింది? పైలట్ల వారపు విశ్రాంతిని 36 గంటల నుంచి 48కి పెంచి, రాత్రి ల్యాండింగ్‌లను ఆరు నుంచి రెండుకు తగ్గించే నిబంధనలను 2024 జనవరిలోనే ప్రకటించారు. టైమ్ బోలెడంత ఉన్నా ఇండిగో సరిపడా పైలట్లను సిద్ధం చేసుకోలేదు. వేల సర్వీసులు రద్దయ్యాయి. శంషాబాద్‌లోనూ జనం సూట్‌కేసుల మీదే కూర్చుని పడిగాపులు కాశారు. చివరికి సడలింది మాత్రం నిబంధనే. ఆ ఒత్తిడిలో మీకు వేరే దారి కనిపించలేదేమో. కానీ పెద్ద సంస్థ చేతులెత్తేస్తే రూలే వంగుతుందని మిగతా వాళ్లకు అర్థమైపోయింది. ఎయిర్ ఇండియాకు కూడా.

డీజీసీఏలో ఖాళీలను ఎప్పటిలోగా నింపుతారో తేదీ చెప్పండి. అలసట గురించి పైలట్లు ఇచ్చే ఫిర్యాదులు ఏ సంస్థలో ఎన్ని, వాటిలో ఎన్నింటిని ఒప్పుకున్నారు, ఎన్నింటిని తోసిపుచ్చారు అన్నది మూడు నెలలకోసారి బయటపెట్టండి. ఇంకొకటి. రైలు ప్రమాదాలను విచారించే రైల్వే సేఫ్టీ కమిషన్ రైల్వే శాఖ కింద లేదు, మీ శాఖ కింద ఉంది. రైల్వే తప్పును రైల్వేనే విచారించుకోకూడదనే కదా! విమాన ప్రమాదాలను విచారించే ఏఏఐబీ, విమానాలను నియంత్రించే డీజీసీఏ మాత్రం రెండూ మీ గొడుగు కిందే ఉన్నాయి. ముందు ఏఏఐబీని మీ శాఖ నుంచి బయటకు పంపే బిల్లు తీసుకురండి.

ఇట్లు,
ఒక విమాన ప్రయాణికుడు