పర్లాకిమిడి తెలుగువారి సంఘం, విజ్ఞాన విభాగం: 2025–26 వార్షిక నివేదిక

గౌరవ సభ్యులందరికీ నమస్కారం.

నెలవారీ ప్రసంగాలు, గ్రంథాలయం ఎప్పటిలాగే నడిచాయి. గర్వంగా చెప్పుకోవలసింది ఫిబ్రవరి 28న, జాతీయ విజ్ఞాన దినం నాడు ప్రదర్శించిన సౌరపవనం (సూర్యుడి నుంచి ఎడతెగక వీచే ప్రోటాన్లు, ఎలక్ట్రాన్ల గాలి) నమూనా.

అడుగు వ్యాసమున్న థర్మోకోల్ బంతి సూర్యుడు. గుచ్చిన చీపురు పుల్లల పొడవు గాలి వేగం: సెకనుకు 100 కిలోమీటర్లకు ఒక సెంటీమీటరు. మధ్యరేఖకు అటూ ఇటూ సుమారు 20 డిగ్రీల దాకా 4 సెంటీమీటర్ల పుల్లలు, అక్కణ్ణుంచి ధ్రువాల వరకు 7.5. యులిసిస్ అంతరిక్ష నౌక 1994–95లో సూర్యుడి ధ్రువాల మీదుగా వెళ్లి కొలిచిన తీరు ఇదే. పూసలు గాలిలోని కణాల సాంద్రతకు: పొట్టి పుల్లకు 8, పొడుగు పుల్లకు 3. ఆయిల్ పెయింటు వాడకూడదు, థిన్నరుకు థర్మోకోల్ కరిగి గుంటలు పడుతుంది. పోస్టరు రంగే మేలు. పుల్ల కొస సన్నం కాబట్టి పూసలు జారతాయి, ఫెవికాల్ చుక్క పెట్టి రాత్రంతా ఆరనివ్వాలి.

నక్షత్రాల నడుమ నుంచి వచ్చే హైడ్రోజన్ సూర్యుడి అతినీలలోహిత కాంతిని వెదజల్లి మెరుస్తుంది, సౌరపవనం ఆ హైడ్రోజన్‌ను తినేస్తుంది. వేగంగా వీచే గాలే ఎక్కువ తినేస్తుందని చాలామంది అనుకున్నారు. కానీ లెక్కలోకి వచ్చేది కణాల ప్రవాహం: పొడవును పూసలతో గుణిస్తే మధ్యరేఖ దగ్గర 32, ధ్రువాల దగ్గర 22.5, అంటే మధ్యరేఖ దగ్గరే ఎక్కువ. ఆ హైడ్రోజన్ పరమాణువు నుంచి సౌరపవన ప్రోటాన్ ఎలక్ట్రాన్‌ను లాగేసుకుంటుంది. ఎలక్ట్రాన్ పోయినది ఇక వెలగదు. లాక్కున్నది హైడ్రోజనే అయినా, దాని వేగం వల్ల సూర్యుడి లైమన్ ఆల్ఫా రేఖకు (హైడ్రోజన్ వెదజల్లే ఆ అతినీలలోహిత కాంతికి) అందదు. అందుకే 121.6 నానోమీటర్ల ఆ వెలుగులో మధ్యరేఖ వెంట మసక పట్టీ పడుతుంది. సూర్యుణ్ణి గమనించే సోహో అంతరిక్ష నౌకలోని స్వాన్ పరికరం 1996 నుంచి గీస్తున్న ఆకాశ పటాల్లో దాన్ని చూడవచ్చు. 2000–01లో లాగా సూర్యుడు బాగా చురుగ్గా ఉంటే నెమ్మది గాలి పై అక్షాంశాలకూ పాకి పట్టీ చెరిగిపోతుంది. పిల్లలు ధ్రువాల పుల్లలు పీకి, పొట్టివీ పొడుగువీ కలిపి గుచ్చి ఆ మార్పు తామే చూపారు. టెలిస్కోపులో చూపమని అడిగినవారికి ఒకటే జవాబు: ఈ కాంతిని గాలిలోని ఆక్సిజన్ పీల్చేస్తుంది, నేల మీదికి చేరదు.

పూసలు ఉచితంగా ఇచ్చిన దుకాణదారుకు, ఒడియాలో వివరణలు రాసిచ్చిన మాస్టార్లకు, అందరికీ పులిహోర వండిపెట్టిన మహిళా సభ్యులకు కృతజ్ఞతలు.

హాలు అనుమతి పత్రం ముందురోజు సాయంత్రానికి గానీ చేతికి రాలేదు. ఎన్నిసార్లు తిరిగినా రేపు రమ్మన్నారు. పేర్లిచ్చిన కార్యకర్తల్లో సగం మంది కనబడలేదు, ఒడియాలో వివరించే బల్ల దగ్గర మధ్యాహ్నం దాకా మనిషే లేడు. రాలేనివారు ముందే ఒక మాట చెప్పాలి.

జమాఖర్చుల పట్టిక జతచేశాం, ఆమోదించ ప్రార్థన.

2025 సెప్టెంబరు 24న బయల్దేరిన నాసా అంతరిక్ష నౌక ఐమ్యాప్‌లో ఈ వెలుగును కొలిచే గ్లోస్ పరికరం ఉంది. సూర్యుడి చురుకు తగ్గేకొద్దీ పట్టీ మళ్లీ తేలాలి కాబట్టి ఈసారి రెండు బంతులు పక్కపక్కన పెడదాం. రెండో బంతి, చీపురు కట్టలు ఇవ్వగలవారు, ఒడియా బల్ల దగ్గర నిలబడగలవారు సభ ముగిసేలోగా కార్యదర్శి దగ్గర పేరు రాయించండి.