వంతెనకు బ్యాండు పేరు పెట్టిన ఊళ్లో పాటల హాళ్లు మిగలాలి

సంపాదకులకు నమస్కారం.

ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్‌కు వచ్చిన కొత్తలో ఆఫీసుకు వెళ్తూ రోజూ గో బిట్వీన్ బ్రిడ్జి దాటేదాన్ని. సౌత్ బ్రిస్బేన్‌కూ మిల్టన్‌కూ మధ్య నది మీద కట్టారు కాబట్టి ఆ పేరు పెట్టారనుకున్నాను. కాదమ్మా, అది ఇక్కడ పుట్టిన ఒక బ్యాండు పేరు అని మా అబ్బాయి చెప్పాడు. ఇక్కడి తెలుగువాళ్లలో నేను అడిగినవాళ్లందరూ నాలాగే అనుకుంటున్నారు. అందుకే ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఆ బ్యాండు గో-బిట్వీన్స్. క్వీన్స్‌లాండ్ యూనివర్సిటీలో స్నేహితులైన రాబర్ట్ ఫార్స్టర్, గ్రాంట్ మెక్‌లెనన్ 1977లో మొదలుపెట్టారు. గ్రాంట్‌కు సినిమాలంటే పిచ్చి, వాయిద్యం పట్టడం రాదు. రాబర్ట్ పట్టుబట్టి అతనికి బేస్ గిటార్ నేర్పాడు. కొన్నాళ్లకు డ్రమ్స్ మీద లిండీ మారిసన్ చేరింది. అంతకుముందు ఆమె ఆదివాసుల కోసం పనిచేసే న్యాయసేవా సంస్థలో సోషల్ వర్కర్.

అప్పటి బ్రిస్బేన్ ఇప్పటిలా ఉండేది కాదు. జో బ్యెల్కె-పీటర్సన్ 1968 నుంచి 1987 దాకా ఈ క్వీన్స్‌లాండ్ రాష్ట్రానికి ప్రీమియర్, అంటే మన ముఖ్యమంత్రి లాంటి పదవి. 1977లో వీధుల్లో రాజకీయ ఊరేగింపులకు అనుమతి లేదన్నారు, కాదని నడిచినవాళ్లను వందల్లో అరెస్టు చేశారు. కుర్రాళ్లు పాటల కోసం ఒకచోట చేరినా పోలీసులు వచ్చేవారు. యూనివర్సిటీలో 1975లో మొదలైన విద్యార్థుల రేడియో, కాక్స్టన్ స్ట్రీట్‌లోని బరూనా హాలు లాంటి పాత అద్దె హాళ్లు, ఇవే వాళ్లకు దిక్కు. ఊపిరాడక చాలా బ్యాండ్లు ఊరు వదిలేశాయి. వీళ్లూ లండన్ వెళ్లారు.

అక్కడ 1982లో గ్రాంట్ ఒక పాట కట్టాడు. 'క్యాటిల్ అండ్ కేన్'. అంటే పశువులు, చెరకు. చేతిలో ఉన్న గిటార్ కూడా తనది కాదు, మెల్‌బోర్న్ నుంచి వచ్చిన గాయకుడు నిక్ కేవ్‌ది. ఉత్తర క్వీన్స్‌లాండ్ చెరకు తోటల మధ్య రైల్లో ఇంటికి వస్తున్న బడిపిల్లాడి జ్ఞాపకం అది. లిండీ డ్రమ్స్ లెక్క మనం తాళం వేయబోతే తప్పించుకుంటుంది. నేను చెరకు పండే ఊళ్లోనే పెరిగాను. ఇంగ్లీషు మాటలు సగమే అర్థమైనా, మొదటిసారి విన్నప్పుడు మా తాతయ్య ఊరు గుర్తొచ్చి కళ్లు చెమర్చాయి. 2001లో ఆస్ట్రేలియా పాటల హక్కుల సంఘం ఎంపిక చేసిన 30 గొప్ప పాటల్లో అది ఉంది.

ఇంత చేసినా వాళ్లకు పెద్ద హిట్ ఒక్కటీ రాలేదు. 1989లో విడిపోయారు. కానీ ఆ రికార్డులు చేతులు మారుతూనే ఉన్నాయి. స్కాట్లండ్‌లో బెల్ అండ్ సెబాస్టియన్ లాంటి బ్యాండ్లు వాళ్లను అభిమానంగా తలుచుకున్నాయి. 2000లో రాబర్ట్, గ్రాంట్ మళ్లీ కలిసి ఆల్బమ్ చేస్తే, అమెరికాలో అప్పటికే పేరున్న స్లేటర్-కినీ బ్యాండు అమ్మాయిలు వచ్చి వాయించారు. 2006 మేలో గ్రాంట్ 48 ఏళ్లకే పోయాడు. వంతెనకు పేరు పెట్టాల్సి వచ్చినప్పుడు సిటీ కౌన్సిల్ జనాన్ని అడిగితే, జనం ఈ పేరే కోరుకున్నారు. 2010 జులైలో వంతెన తెరిచారు.

అదే ఊళ్లో ఇప్పుడు ఏం జరుగుతోందో చూడండి. ఫోర్టిట్యూడ్ వ్యాలీలో 1992 నుంచి కొత్త బ్యాండ్లకు చోటిచ్చిన 'ది జూ' అనే పాటల హాలు 2024 జులైలో మూతపడింది. ఖర్చులు పెరిగాయి, బార్ మీద వచ్చే ఆదాయం తగ్గింది. 1982లో క్లౌడ్‌లాండ్ డాన్స్ హాలును తెల్లవారుజామున అనుమతి లేకుండా కూల్చేశారని ఇక్కడి పెద్దవాళ్లు ఇప్పటికీ బాధపడతారు. ఇప్పుడు బుల్‌డోజర్ అక్కర్లేదు, కరెంటు బిల్లూ ఇన్సూరెన్సూ చాలు.

వ్యాలీలో 2006 నుంచి ఒక మంచి నియమం ఉంది. అక్కడ కొత్తగా ఇళ్లు కట్టేవాళ్లు బయటి శబ్దం లోపలికి రాకుండా కట్టుకోవాలి. ముందు నుంచీ ఉన్న హాలు మీద, తర్వాత వచ్చినవాళ్లు ఫిర్యాదు చేసి గెలవడం కష్టం. ఆ రక్షణ నగరంలో చిన్న వేదిక ఉన్న ప్రతిచోటికీ రావాలని కౌన్సిల్‌ను కోరుతున్నాను. చిన్న హాళ్ల ఇన్సూరెన్సు భారాన్ని రాష్ట్ర ప్రభుత్వం కొంతైనా పంచుకోవాలి.

మనవాళ్లకూ ఒక మాట. ఊరి మధ్యలో అపార్ట్‌మెంట్లు కొంటున్న తెలుగు కుటుంబాలు ఎక్కువయ్యాయి. కింద బార్‌లో డ్రమ్స్ వినిపిస్తే వెంటనే ఫోన్ తీసి ఫిర్యాదు చేయకండి. రెండేళ్ల కిందట మా ఉగాది కార్యక్రమం మధ్యలో పక్కింటివాళ్ల ఫిర్యాదుతో మైకు ఆపేయాల్సి వచ్చింది. కూచిపూడి వేషంలో ఉన్న పిల్లలు స్టేజీ మీద అలాగే నిలబడిపోయారు. ఆ బాధ మనకు తెలుసు.

వచ్చే శనివారం మా అబ్బాయి బ్యాండు వెస్ట్ ఎండ్‌లో ఒక బార్ వెనక గదిలో వాయిస్తోంది. నలభై మంది పడితే గొప్ప. మా వీధిలోని మూడు తెలుగు కుటుంబాలకు టికెట్లు నేనే కొన్నాను.

– ఒక పాఠకురాలు, బ్రిస్బేన్