మికోనోస్ ఊళ్లో సాయంత్రపు నడక, రాత్రి భోజనం

ప్రియమైన మిత్రమా,

గ్రీసులోని మికోనోస్ దీవి గురించి తీరిగ్గా రాయమన్నావు. ధనికుల పడవల గురించీ, తెల్లవార్లూ మోగే బీచ్ క్లబ్బుల గురించీ నీకు చెప్పేవాళ్లు చాలామందే ఉంటారు. నాకు మాత్రం ఈ దీవిలో మనసు నిలిచిన చోటు హోరా, అంటే ఇక్కడి పట్నం. ఇంత ఖరీదైన చోట కూడా నడకకు పైసా ఖర్చు లేదు. భోజనానికి మాత్రం ఎక్కడ కూర్చోవాలో, ఏం అడగాలో తెలిసి ఉండాలి.

ఎండ తగ్గాక పాత రేవు దగ్గర మొదలుపెట్టు. 1821లో మొదలైన గ్రీకు స్వాతంత్ర్య సమరానికి తన ఆస్తిని ధారపోసిన మాంతో మవ్రోయెనూస్ అనే వీరనారి విగ్రహం అక్కడి కూడలిలో ఉంది. అక్కడి నుంచి మతోయాన్ని వీధిలోకి వెళితే నగల దుకాణాలూ, పేరున్న ఫ్యాషన్ దుకాణాలూ వరుసగా కనబడతాయి. వాటిని త్వరగానే దాటేసి పక్క సందుల్లోకి తిరుగు. అక్కడికి కార్లు రావు. నేల మీద పరచిన రాళ్ల చుట్టూ సున్నంతో తెల్లటి గీతలు గీసి ఉంటాయి. గోడలూ తెలుపే, మెట్లూ తెలుపే, నీలం రంగు చెక్క బాల్కనీల మీద నుంచి కాగితం పూల తీగలు వేలాడుతుంటాయి. సముద్రపు దొంగలను తికమక పెట్టడానికే సందులను ఇలా మెలికలు తిప్పారని ఊరివాళ్లు చెబుతారు. దారి తప్పినా కంగారు పడకు, ఊరు చిన్నది, ఎటు నడిచినా చివరికి సముద్రమే ఎదురవుతుంది.

అలా తిరుగుతూ పరపోర్తియాని అనే క్రైస్తవ గుడి దగ్గర తప్పకుండా ఆగు. కింద నాలుగు చిన్న గుళ్లు, వాటి మీద అయిదోది, అన్నీ ఒకదానిలో ఒకటి కలిసిపోయి, సున్నం పూతల కింద అంచులన్నీ నునుపుదేరి ఉంటాయి. నేను దాని చుట్టూ తిరిగినప్పుడల్లా అది వేరే కట్టడంలా కనబడింది. పొద్దు వాలే వేళకు లిటిల్ వెనిస్ అనే నీటి అంచు పేటకు చేరుకుంటే, అలలు పాత ఇళ్ల గోడలకు కొట్టుకుంటూ ఉంటాయి, ఎదుటి దిబ్బ మీద గాలిమరలు నిలబడి ఉంటాయి. వేసవిలో ఉత్తరం నుంచి వీచే మెల్తెమి గాలితోనే ఒకప్పుడు అవి ధాన్యం పిండి పట్టేవి. అక్కడ ఒక పానీయం తాగు, చాలు. భోజనం మాత్రం లోపలి సందుల్లోనే చెయ్యి, ఎందుకంటే నీటి ఒడ్డున నువ్వు చెల్లించే డబ్బులో సగం ఆ దృశ్యానికే పోతుంది.

ఇక్కడ రాత్రి తొమ్మిది దాటితే కానీ తవెర్నాలు, అంటే ఇక్కడి భోజనశాలలు, నిండవు, కాబట్టి తొందరపడకు. ముందు మోస్త్రా తెప్పించుకో: గట్టి బార్లీ రొట్టె మీద తురిమిన టమాటా, దాని పైన కొపనిస్తి అనే ఈ దీవుల జున్ను. అది నాలుకను చురుక్కుమనిపిస్తుంది, కారం తినే మన నోటికి ఇట్టే నచ్చుతుంది. నీకు మాంసం పడదు కనుక ఫావా కూడా చెప్పు. పసుపు బఠాణీ పప్పును మెత్తగా ఉడికించి, ఆలివ్ నూనె, ఉల్లిపాయ, నిమ్మరసం వేసి ఇస్తారు, అచ్చం మన ముద్దపప్పులాగే ఉంటుంది. మీ ఆవిడ చేపలు తింటుంది కదా, చేపకు కిలో లెక్కన ధర కడతారు గనుక తూచేటప్పుడే ఎంతవుతుందో అడగమను. అలా అడగడం ఇక్కడ మామూలే, ఎవరూ ఏమీ అనుకోరు. చివర్లో బాదం పిండితో చేసే అమిగ్దలొతా అనే మిఠాయి తినకుండా లేవకండి.

రేవులో భోజనం బల్లల మధ్య ఒక పెలికాన్ పక్షి తిరుగుతుంటే ఆశ్చర్యపోకు. 1958లో తుఫాను తర్వాత గాయపడి దొరికిన పెట్రోస్ అనే పెలికాన్‌ను ఊరంతా ముద్దుగా పెంచుకుంది; అది 1985లో చనిపోయాక కూడా పెలికాన్‌ను పెంచే ఆ ఆనవాయితీని వదులుకోలేదు. ఒక పక్షిని ఇంతగా తమదనుకున్న ఊరంటే నాకు గొప్ప గౌరవం కలిగింది.

వీలైతే సెప్టెంబరులో రండి, అప్పటికి గాలి, జనం రెండూ తగ్గుతాయి. పగటిపూట పడవెక్కి పక్కనున్న డెలోస్ దీవిలోని ప్రాచీన శిథిలాలు చూసి, సాయంత్రానికి హోరాకు తిరిగి రావచ్చు. టికెట్లు కొనేముందు నాకొక ఉత్తరం రాయి, బస ఏ వీధిలో తీసుకుంటే బాగుంటుందో చెబుతాను.

ఇట్లు,
నీ నేస్తం