మూడు అర్జీల తర్వాత మంత్రి గారికి

గౌరవనీయులైన మంత్రి గారికి నమస్కారం.

సముద్రంలో కలుస్తున్న పాత వలల గురించీ ప్లాస్టిక్ చెత్త గురించీ మీకు రాస్తున్న నాలుగో లేఖ ఇది. మొదటి మూడింటికి రసీదులు ఉన్నాయి, జవాబులు లేవు. అందుకే అందరి ముందూ రాస్తున్నాను.

చినిగిన నైలాన్ వలలను ఒడ్డునే తీసుకునే ఏర్పాటు చేస్తామని మీరు మా ఊరికి వచ్చి చెప్పారు. ఆ మాట నమ్మి పాత వలలన్నీ ఇంటి వెనుక కుప్ప పోశాం. రెండేళ్లయినా కుప్ప అక్కడే ఉంది. అంత చోటు అందరికీ ఉండదు. పనికిరాని వలను కొందరు సముద్రంలోనే కోసి వదిలేస్తున్నారు. అది మా వాళ్ల తప్పే, ఒప్పుకుంటున్నాను.

మొన్న కార్తీకంలో అలాంటి వల ముక్క ఒకటి మూతికీ రెక్కకూ బిగుసుకుపోయిన డాల్ఫిన్ మా ఒడ్డుకు కొట్టుకొచ్చింది. డాల్ఫిన్ చేప కాదు కదండీ. మనలాగే గాలి పీల్చాలి. పైకి రాలేక ఊపిరాడక చచ్చిపోయింది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో పులి ఉన్న మొదటి షెడ్యూల్‌లోనే డాల్ఫిన్ కూడా ఉంది. అధికారులకు కబురు పెడితే సాయంత్రం దాకా ఎవరూ రాలేదు.

వలలు మావి, సరే. మరి కవర్లు, సీసాలు? ఏడాదిలో ఎక్కువ రోజులు ఎండి ఉండే స్వర్ణముఖి ఏటిలో చంద్రగిరి నుంచి శ్రీకాళహస్తి దాకా చెత్త పోస్తున్నారు. ఈశాన్య రుతుపవనాల వరద వస్తే అంతా అలివి (ఏరు సముద్రంలో కలిసే చోటు) దాటి బంగాళాఖాతంలో కలుస్తుంది. తిరుమల కొండ మీద ప్లాస్టిక్‌ను నిషేధించారు, మరి కొండ కింది ఏటిని ఎందుకు వదిలేశారు?

2018లో ఇండోనేషియా తీరంలో చనిపోయిన తిమింగలం కడుపులో 115 ప్లాస్టిక్ కప్పులు దొరికాయి. 2019లో ఫిలిప్పీన్స్‌లో మరో తిమింగలం కడుపులో 40 కిలోల ప్లాస్టిక్. తిమింగలానికి నీరు కూడా చాలావరకు తిండి నుంచే అందాలి. కడుపు ప్లాస్టిక్ సంచులతో నిండిపోతే అది ఏమీ తినలేదు. ఆ ఫిలిప్పీన్స్ తిమింగలం ఆకలికీ దాహానికీ చచ్చిపోయింది. ఇది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

2022లో మా వాకాడు తీరం తిరుపతి జిల్లాలో కలిసినప్పుడు ఏరూ అలివీ ఒకే జిల్లాలోకి వచ్చాయని సంతోషించాం. దయచేసి అక్టోబరు వానలకు ముందే ఏటిలో చెత్త తీయించండి. అలివికి ఎగువన చెత్తను ఆపే ఇనుప వల కట్టించండి. కనీసం మా ఇంటి వెనుక ఉన్న కుప్పను ఎవరికి అప్పగించాలో చెప్పండి.

ఇట్లు,
వాకాడు తీరం నుంచి ఒక మత్స్యకారుడి కూతురు