పాండవుల గుట్టకు బాట ఎటు?

సంపాదకునికి,

పది రోజుల కిందట మీ జిల్లా పేజీలో చలికాలంలో గుట్టలెక్కమని సగం పేజీ రాశారు. ఫొటో చాలా బాగుంది. మీ విలేకరి గుట్ట ఎక్కి రాశారో, ఆ ఫొటో చూసి రాశారో తెలియదు. మేం మాత్రం అది నమ్మి మొన్న ఆదివారం ఐదుగురం బయల్దేరాం. అందరం అరవై దాటినవాళ్లమే. ఇగానికి మఫ్లర్లు చుట్టుకుని హనుమకొండ నుంచి పరకాల మీదుగా, రేగొండ దగ్గరి పాండవుల గుట్టకు దారి పట్టాం.

వానలు వెనక్కి పోయి రెండు నెలలైంది. వరదకు బాట కోసుకుపోయిన చోట ఒక్క తట్ట మన్ను పోసినవాళ్లు లేరు. ఇది ఇసుకరాయి గుట్ట. పైపొర రాలి బండ మీద నూకల్లా పరుచుకుంటుంది. దాని మీద తెల్లవారుజామున మంచు కురిసి, ఆపైన ఎండుటాకులు కప్పేస్తే బూటు ఎక్కడ జారుతుందో చెప్పలేం. మాలో ఒకాయన జారి మోచెయ్యి గీరుకుపోయింది. నడుమెత్తు గడ్డిలో బాట చీలిన చోట ఐదుగురం ఐదు వైపులు చూపించుకుంటూ నిలబడ్డాం. చివరికి మేకలు కాసే పిల్లగాడు దిక్కయ్యాడు. ‘ఎదురు పాండవుల గుహ అటు సారూ, గొంతెమ్మ గుహ ఇటు’ అన్నాడు. వాడు చెప్పిన ఆ ముక్క రేకు మీద రాసి పాతడానికి ఎన్ని కోట్లు కావాలి? పాండవులు ఇక్కడ అజ్ఞాతవాసం చేశారని మా నాయనమ్మ చెప్పేది. వాళ్లది ఏడాదిలో ముగిసింది, బోర్డులది ఇంకా ముగియలేదు.

డిసెంబరులో ఆరు కాకముందే పొద్దు గూకుతుంది. ఫలానా టైము దాటితే పైకి పోవద్దన్న మాట మాకు ఎక్కడా కనబడలేదు. బండ అంచున వేలాడే తేనెపట్టు కిందే కుర్రాళ్లు పొయ్యి పెట్టి చికెన్ కాలుస్తున్నారు. పొగకు ఈగలు లేస్తాయిరా నాయనా అంటే ‘టెన్షన్ తీసుకోకు అంకుల్’ అన్నారు.

అసలు కడుపు మండింది బొమ్మల దగ్గర. ఆదిమానవులు బండ మీద రంగులతో గీసినవి, 1990లో వెలుగులోకి వచ్చాయి. మనం గడపలకు పూసే జాజు లాంటి ఎరుపు, అక్కడక్కడా ఆకుపచ్చ, పసుపు, తెలుపు. అడవిదున్న, జింక, పులి, విల్లంబులు. వేల ఏళ్లు ఎండకూ వానకూ తట్టుకున్న ఆ గోడ మీద ఎవడో ప్రేమికుడు రెండు పేర్లు, మధ్యలో బాణం గుచ్చిన గుండె చెక్కాడు. బాటకు వేయాల్సిన బాణం ఇక్కడికి వచ్చిందన్నమాట!

రామప్పకు 2021లో యునెస్కో గుర్తింపు వస్తే మిఠాయిలు పంచుకున్నాం, సంతోషమే. ఈ బొమ్మలు రామప్ప కంటే ఎన్నో వేల ఏళ్లు ముందువి. ఈ గుట్టను జియో హెరిటేజ్ సైట్‌గా, అంటే భూగర్భ వారసత్వ స్థలంగా, జియోలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా గుర్తించిందని కూడా చెప్పుకుంటున్నాం. చెప్పుకోవడానికి మాత్రం మనకు లోటు లేదు.

మర్నాడు ఒక ఆఫీసుకు ఫోన్ చేశాను. అది మా జిల్లా కాదన్నారు. రెండో చోట, మా శాఖ కాదన్నారు. మూడో చోట సార్ మీటింగులో ఉన్నారు, బహుశా ఇంకా అక్కడే ఉండి ఉంటారు. 2016లో జిల్లాలు విడగొట్టినప్పుడు పాలన గడప ముందుకు వస్తుందన్నారు. మా పాత వరంగల్ ఇప్పుడు ఆరు జిల్లాలు. అంటే ‘మాది కాదు’ అనడానికి ఐదు చోట్లు పెరిగాయి. ఇంటి పన్ను పది రోజులు ఆలస్యమైతే మాత్రం మనం ఎవరి పరిధిలో ఉన్నామో వాళ్లకు బాగా తెలుసు.

సంక్రాంతి సెలవులకు పిల్లాపాపలతో జనం వస్తారు. ఆలోపు గడ్డి కోయించి, బాట చీలిన చోటల్లా ఒక రాయి పాతి, బొమ్మల దగ్గర ఒక మనిషిని కూర్చోబెట్టండి. రోప్‌వే అక్కర్లేదు, సెల్ఫీ పాయింట్ అసలే వద్దు. మేం వచ్చే ఆదివారం మళ్లీ పోతున్నాం. పాత పంచె చింపి పేలికలు సిద్ధం చేసుకున్నాం. కొమ్మలకు కట్టుకుంటూ ఎక్కుతాం, విప్పుకుంటూ దిగుతాం. తెల్లవే లెండి. ఆ అడవిలో ఎర్రవి కడితే లేనిపోని విచారణలు.

– ఒక రిటైర్డ్ ఉపాధ్యాయుడు, హనుమకొండ